కుక్కర్ వస్తే నేను రాను

మొన్న ఆదివారం మా ఇంట్లో రైస్ కుక్కర్ మీద పెద్ద గొడవ జరిగింది. కుక్కర్ చెడిపోలేదు, నిక్షేపంలా ఉంది. దాన్ని మాల్టా తీసుకెళ్ళాలా వద్దా అన్నదే గొడవ.

మొదటినుంచీ చెప్తాను. ఇంగ్లండులో పిల్లలకి క్రిస్మస్‌కి రెండు వారాలు సెలవులు. మామూలుగా ఆ రెండు వారాలూ మేము ఇంట్లోనే ఉంటాం. మధ్యాహ్నం నాలుగు కూడా కాకుండానే పొద్దుగుంకుతుంది. పిల్లలు ఫోన్లలో, మావారు సోఫాలో, నేను ఎక్కడో మీకు తెలుసు. ఈసారి ఆయనే "ఎండ ఉన్న చోటికి నాలుగు రోజులు పోయొద్దాం" అన్నారు. ఆఫీసులో ఎవరో మాల్టా గురించి చెప్పారట. మధ్యధరా సముద్రంలో, సిసిలీకి దక్షిణాన ఉన్న చిన్న ద్వీపదేశం. ఇక్కడినుంచి విమానంలో మూడుంపావు గంటలు. నేను రెండు రాత్రులు కూర్చుని చదివాను, నాకూ నచ్చింది.

అంతవరకూ బాగానే ఉంది. తర్వాత ఆయన లాప్‌టాప్ నావైపు తిప్పి ఒక ఫ్లాటు చూపించారు. రెండు పడగ్గదులు, హాలు, చక్కటి వంటిల్లు. "ఇంకో సంగతి తెలుసా? అక్కడ ప్లగ్గులు కూడా మనవే! బ్రిటిష్ వాళ్ళు పెట్టిపోయిన మూడు పిన్నులవి. మన కుక్కర్ అడాప్టర్ లేకుండానే పెట్టేసుకోవచ్చు" అన్నారు, నాకేదో వరమిస్తున్నట్టు మొహం పెట్టి.

"కుక్కర్ వస్తే నేను రాను" అన్నాను.

ఆయన నవ్వారు. పెద్దాడూ నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఇద్దరూ ఆపేశారు.

నా కోపానికి కారణం స్పెయిన్. మూడేళ్ళ కిందట ఆగస్టులో, రెండు కుటుంబాలు కలిసి దక్షిణ స్పెయిన్ తీరాన ఒక ఇల్లు అద్దెకు తీసుకుని వారం రోజులున్నాం. మొత్తం తొమ్మిది మందిమి. అయిదు కేజీల సోనామసూరి, చింతపండు, పోపులడబ్బా, మూడు రకాల పచ్చళ్ళు, కుక్కర్, దానికో అడాప్టర్. పాలు, నెయ్యి, మాంసం లాంటివి ఇక్కడినుంచి యూరోపియన్ యూనియన్ దేశాలకి పట్టుకెళ్ళకూడదు కాబట్టి నెయ్యి సీసా మాత్రం ఇంట్లోనే వదిలాను. అక్కడ దిగాక వెన్న కొని కాచాను. సెలవులకి వెళ్ళి వెన్న కాచానండీ! బయట 38 డిగ్రీలు. లోపల రెండు పొయ్యిల మీద తొమ్మిది మందికి ఉప్మా. ఏడు రోజులకి 21 పూటలు కదా, అందులో రెండు పూటలు బయట తిన్నాం. మిగిలిన 19 నేనూ, ఆ స్నేహితురాలూ పంచుకున్నాం. సముద్రం వంటింటి కిటికీలోంచి చాలా బాగా కనిపించేది. ఆ మాట అబద్ధం కాదు.

తిరిగొచ్చాక మావారు అందరితోనూ "అబ్బ, ఎంత రెస్టు దొరికిందో" అన్నారు. ఆయనకి నిజంగానే దొరికింది. ఆ సంగతి నేనేమీ కాదనను.

తప్పంతా ఆయనదే అంటే అన్యాయం. కుక్కర్ సర్దింది నేనే. "అబ్బే, బయట తిండి పిల్లలకి పడదు" అన్నదీ నేనే. పోపులడబ్బా తీసుకెళ్ళామని చెప్పుకోవడంలో మనకొక గొప్ప ఉంది, అది కూడా ఒప్పుకుందాం. వాట్సాప్ గ్రూపుల్లో ఆడవాళ్ళం పెట్టే ఫోటోలు చూడండి. స్విట్జర్లాండ్ మంచుకొండ ముందు పులిహోర డబ్బా, పారిస్‌లో గోంగూర. వాటి కింద వంద చప్పట్లు. ఆ పులిహోర కలపడానికి తెల్లవారుజామున నాలుగింటికి లేచిందెవరో ఒక్కరూ అడగరు. మనమూ చెప్పం.

అందుకే ఈ మాల్టా ప్రయాణం మాటెత్తినప్పటినుంచీ మాకు అందుతున్న సలహాలన్నీ చూసి నాకు చిర్రెత్తుకొస్తోంది. ఎండ ఉంటుందా, ఖర్చెంత, అన్నం దొరుకుతుందా, ఈ సీజన్లో ఎందుకు. ఇన్ని ప్రశ్నల్లో సెలవు ఎవరికి అన్నది ఒక్కటీ లేదు.

సీజన్ సంగతి ముందు తేలుస్తాను, అది తేలిక. "మధ్యధరా అంటే ఎండాకాలమే, చలికాలంలో వెళ్ళేవాళ్ళకి బుర్రలేదు" అని మా స్నేహితురాలి భర్త తీర్మానించాడు. సముద్రంలో ఈత కొట్టడమే ప్రయాణమనుకునేవాళ్ళకి ఆ మాట నిజమే. డిసెంబరులో మాల్టా చుట్టూ సముద్రం 18 డిగ్రీలకి అటూ ఇటూ ఉంటుంది. మా పిల్లలు పాదాలు తడిపి కేకలు పెడతారేమో, అంతే. వాన కూడా పడుతుంది. అక్కడ వానలు చలికాలంలోనే, ఎండాకాలంలో చినుకుండదు. ఈశాన్యం నుంచి గ్రెగాల్ అనే గాలి లేస్తే పక్కనున్న గోజో ద్వీపానికి పడవలు కూడా ఆగిపోవచ్చు. పాత రాతి ఇళ్ళు లోపల చల్లగా, చెమ్మగా ఉంటాయి, ఇక్కడిలా గదిగదికీ హీటింగ్ ఉండకపోవచ్చు. ఇవన్నీ తెలుసుకునే మాట్లాడుతున్నాను.

మరి ఎండాకాలం మాటేమిటి? 2023 జులై గుర్తుందా? ఏథెన్స్‌లో ఎండ తట్టుకోలేక అక్రోపోలిస్‌ని మధ్యాహ్నం వేళల్లో మూసేశారు. రోడ్స్ ద్వీపంలో కార్చిచ్చు వచ్చి వేలమంది యాత్రికుల్ని హోటళ్ళ నుంచి ఖాళీ చేయించారు. అదే నెలలో మాల్టాలో రోజుల తరబడి కరెంటు కోతలు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండలు చూసి పెరిగినదాన్ని నేను. తెనాలిలో మే నెలలో మధ్యాహ్నం పన్నెండయ్యాక వాకిట్లోకి వెళ్తే అమ్మ తిట్టేది. అలాంటిది డబ్బిచ్చి, విమానమెక్కి, ఇసుకలో పడుకుని మాడిపోవాలట! తెల్లవాళ్ళకి ఎండ కరువు, వాళ్ళ ముచ్చట వాళ్ళది. మనం ఆ ముచ్చటని అరువు తెచ్చుకోవడం ఎందుకు? వాలెట్టాలో డిసెంబరు పగలు 16, 17 డిగ్రీలు. మన గుంటూరు వైపు సంక్రాంతి తెల్లవారుజాముల్లో ఉండే చలి, పట్టపగలు ఉంటుందన్నమాట. ఒక స్వెట్టరు వేసుకుని రోజంతా నడవొచ్చు. పైగా లండన్‌తో పోలిస్తే ఆ రోజుల్లో అక్కడ పగలు దాదాపు రెండు గంటలు ఎక్కువ. ఎండ వేడి ఎంతో ఎవరిక్కావాలి, వెలుతురు చాలు నాకు.

అలాగని చలికాలంలో మధ్యధరాలో ఎక్కడికైనా వెళ్ళిపోవచ్చని నేననను. ఇది పట్టించుకోకపోతే మోసపోతారు. గ్రీసులో శాంటోరిని లాంటి ద్వీపాలు వేసవి యాత్రికుల మీదే బతుకుతాయి. నవంబరు వచ్చిందంటే అక్కడ చాలా హోటళ్ళు, తిండి దుకాణాలు మూసేస్తారు. తెల్లగోడలు, నీలిగుమ్మటాలు ఫోటోలో ఉన్నట్టే ఉంటాయి, కాఫీ ఇచ్చే దిక్కుండదు. నాకు తెలిసిన ఒకావిడ డిసెంబరులో చవగ్గా వస్తోందని అక్కడ వంటిల్లున్న ఇల్లు తీసుకుంది. బయట తినడానికి చోట్లు తక్కువ, గాలికి బయటికెళ్ళడం కష్టం, మరి వండిందెవరు? ఆవిడే. చలికాలం వెళ్ళాలంటే యాత్రికులు లేకపోయినా జనం బతికే ఊరికి వెళ్ళాలి. బళ్ళు, బస్సులు, కూరగాయల కొట్లు, ముసలివాళ్ళు కూర్చునే అరుగులు ఉన్న ఊరికి. మాల్టా మొత్తం వైశాల్యం 316 చదరపు కిలోమీటర్లు, జనం అయిదు లక్షల పైచిలుకు. వాళ్ళు ఏడాదంతా కాఫీ తాగుతారు.

అక్కడ ఏముందని అడిగేవాళ్ళకి చెప్పడానికి నాకు ఉత్సాహంగానే ఉంది. వాలెట్టా 1566లో కట్టడం మొదలుపెట్టిన నగరం, అంతకు ముందు ఏడాదే తురుష్కుల ముట్టడిని తట్టుకుని నిలబడ్డాక. అక్కడి సెయింట్ జాన్ చర్చిలో కారవాజియో 1608లో వేసిన పెద్ద చిత్రం ఉంది, ఆయన తన చిత్రాల్లో సంతకం చేసినది అదొక్కటేనంటారు. మావారికి కోటలు ఇష్టం, ఆయన్ని అక్కడ వదిలేస్తే సాయంత్రం దాకా మనకి బెంగ లేదు. 1878లో బ్రిటిష్ ప్రభుత్వం మన దేశం నుంచి దాదాపు 7,000 మంది సిపాయిల్ని ఈ ద్వీపానికే ఓడల్లో తీసుకొచ్చి దించిందని చదివినప్పుడు, ఆ ఓడల్లో ఎవరికి ఎవరు వండిపెట్టారో అనిపించింది. నా బుద్ధి అటే పోతుంది మరి.

మ్నాయ్‌ద్రా అని రాతియుగపు గుడి ఒకటుంది. అయిదువేల ఏళ్ళు దాటిన కట్టడం. డిసెంబరు 21 ప్రాంతంలో ఉదయించే సూర్యుడి వెలుగు లోపల ఒక నిలువురాతి అంచు మీద పడేలా కట్టారట. మనం జనవరి 14న ఉత్తరాయణం అంటాం గానీ, ఆకాశం లెక్క ప్రకారం సూర్యుడు ఉత్తరానికి మళ్ళేది డిసెంబరు 21, 22 తేదీల్లోనే. ఆ తేదీలు తెలుసుకుని, రాళ్ళు నిలబెట్టి, వెలుగు కోసం ఎదురుచూసినవాళ్ళు ఆ ద్వీపంలో ఉండేవాళ్ళు. ఎండాకాలంలో వెళ్తే ఈ సంగతి మనకి తగలనే తగలదు.

ఇక నా మనసు లాగేసింది వాళ్ళ క్రిస్మస్. మాల్టాలో ఇంటింటా మట్టిబొమ్మలతో యేసు పుట్టిన పశువులపాక అమరుస్తారు. గొర్రెలకాపర్లు, పిండి విసిరే ఆవిడ, నీళ్ళు మోసే ఆయన, మెట్లు మెట్లుగా కొండలు. ఫోటోలు చూడగానే మా అమ్మమ్మ సంక్రాంతికి పెట్టే బొమ్మల కొలువు కళ్ళముందుకొచ్చింది. అంతకంటే ఆశ్చర్యం, క్రిస్మస్‌కి కొన్ని వారాల ముందు గింజల్ని తడి దూదిమీద చల్లి చీకట్లో పెడతారు. వెలుతురు తగలదు కాబట్టి మొలకలు పచ్చబడకుండా తెల్లటి జుట్టులా పెరుగుతాయి. వాటిని బాలయేసు చుట్టూ పెడతారు. మన పెళ్ళిళ్ళలో పాలికల్లో నవధాన్యాలు మొలకెత్తించడం లేదూ? ఎవరి దేవుడు వాళ్ళకే, మొలక చూసి మురిసిపోవడం మాత్రం అందరికీ ఒకటే.

బీయే తెలుగు చదివి ఏం చేశావని మా ఇంట్లో అప్పుడప్పుడూ ఒక జోకు నడుస్తుంది. ఆ బీయే ఇక్కడ పనికొచ్చింది. మాల్టీస్ భాష అరబ్బీలోంచి పుట్టింది, రాసేది రోమన్ లిపిలో. ఊరంతా క్రైస్తవులు, దేవుణ్ణి మాత్రం 'అల్లా' అంటారు. ఈస్టరు ముందు ఉపవాస దినాలని 'రందాన్' అంటారు, రంజాన్ మాటే అది. అయిదు లక్షల మంది మాట్లాడే భాష, 2004లో యూరోపియన్ యూనియన్ అధికార భాషల్లో ఒకటయింది. అందరికీ ఇంగ్లీషూ వచ్చు, అయినా ఇంట్లో వాళ్ళ భాషే. మా చిన్నది నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తుంది. ఎనిమిది కోట్లమంది మాట్లాడే భాష మా హాల్లో రెండు కుర్చీలకి పరిమితమైపోయింది. తొమ్మిదేళ్ళ పిల్లలు వీధిలో మాల్టీస్‌లో పోట్లాడుకోవడం అది ఒకసారి వినాలని నాకుంది. చెప్తే వినదు, చూస్తే ఏమైనా తోస్తుందేమో.

ఇప్పుడు ఖర్చు. మావారు కాగితం మీద లెక్క వేశారు. ఫ్లాటు అయితే అయిదు రాత్రులకి 430 పౌండ్లు, టిఫినుతో కలిపి హోటల్లో కుటుంబగది అయితే 640. తేడా 210. "ఈ 210 పౌండ్లు ఊరికే పోతాయి కదా" అన్నారు. ఊరికే పోవండీ. ఆ 210 పౌండ్లకీ ఎవరో పొద్దున్నే లేచి టిఫిను పెడతారు, గిన్నెలు కడుగుతారు, పక్కలు సర్దుతారు, తడి తువ్వాళ్ళు నేలమీంచి తీస్తారు. ఫ్లాటులోనూ ఆ పనులన్నీ జరుగుతాయి. అక్కడ వాటికి లెక్క రాయరు, ఎందుకంటే చేసేది నేను. ఆయన కాగితంలో విమానాలున్నాయి, బస్సులున్నాయి, మా ఇద్దరివీ ఇంకా ఇండియా పాస్‌పోర్టులే కాబట్టి షెంగెన్ వీసాలకి మనిషికి 90 యూరోలు కూడా ఉన్నాయి. నా అయిదు రోజుల పని ఏ గడిలోనూ లేదు. ఆ మాట అంటే ఆయన కాసేపు కాగితం వంకే చూశారు. మంచివారే, కాకపోతే ఆ గడి గీయాలని ఆయనకి ఎవరూ నేర్పలేదు. మా అత్తగారు నేర్పలేదు, పదహారేళ్ళుగా నేనూ నేర్పలేదు.

తిండి సంగతి కూడా వినండి. మేము గుడ్డు తింటాం, మాంసం తినం. మాల్టా వాళ్ళ పేరుమోసిన వంట కుందేలు మాంసం కూర, దాని జోలికి పోం. అయితే పస్తీజ్జీ అని వీధివీధినా అమ్మే పొరలపొరల పఫ్ ఉంది. ఒకదాంట్లో రికోటా జున్ను, ఇంకోదాంట్లో బఠాణీ ముద్ద. మన బేకరీ కర్రీపఫ్‌కి చుట్టం. బిజిల్లా అని చిక్కుడుజాతి గింజల్ని ఉడికించి వెల్లుల్లి వేసి నూరిన పచ్చడి ఉంది, రొట్టెకి రాసుకుని తింటారు. ఇమ్‌ఆరెత్ అని ఖర్జూరం ముద్ద పెట్టి నూనెలో వేయించిన బిళ్ళలు. కజ్జికాయే అది, ఆకారం మారింది. చలికాలంలో నారింజలు కాస్తాయి. అయిదు రోజులు వీటితో బతకలేమా? "అన్నం లేకపోతే మనవాళ్ళకి తిన్నట్టుండదు" అన్నది మావారి మాట. మా పిల్లలు బడిలో వారానికి అయిదు రోజులు అన్నం లేకుండా తింటున్నారు. ఆయన ఆఫీసు కాంటీన్లో శాండ్‌విచ్ తింటున్నారు. ఇంటికి రాగానే, నేను కనిపించగానే, అందరికీ అన్నం గుర్తొస్తుంది.

ఇవన్నీ నేను గట్టిగా మాట్లాడగలిగిన విషయాలు. ఇంకొకటుంది, అక్కడ నా గొంతు తగ్గుతుంది.

మా వదిన ఫోనులో అంది. కోపంగా కాదు, మామూలుగానే. "అత్తయ్య ఒక్కరే ఉంటారు కదా, ఆ డబ్బేదో పెట్టుకుని ఇక్కడికే రావచ్చుగా?" అన్నయ్యా వదినా ఉండేది బెంగుళూరులో. అమ్మ తెనాలిలో, నాన్న పోయిన ఇంట్లోనే, పైన అద్దెకున్నవాళ్ళ తోడుతో ఉంటోంది. ఆ ప్రశ్న వదిన అడగకముందే నేను నన్ను అడిగాను.

లెక్క చెప్తే ఇదీ. క్రిస్మస్‌కి నలుగురికీ హైదరాబాదు టిక్కెట్లు చూస్తే 4,000 పౌండ్లు దాటాయి. మాల్టా అన్నీ కలిపి 1,500 లోపు. సెలవు కాని రోజుల్లో వెళ్దామంటే బడి ఊరుకోదు. అనుమతి లేకుండా మానిపిస్తే ఇంగ్లండులో ఒక్కో పిల్లకి, తల్లికి 80, తండ్రికి 80 పౌండ్లు జరిమానా. పోనీ క్రిస్మస్‌కే వెళ్ళామనుకోండి, జనవరి మొదటి వారంలో బళ్ళు తెరుస్తారు, సంక్రాంతికి వారం ముందే వెనక్కి రావాలి. పదహారేళ్ళలో ఒక్క సంక్రాంతికీ నేను అమ్మ దగ్గర లేను. మాల్టా మానేసినా ఈ ఏడూ ఉండను. పిల్లల్ని తీసుకుని ఆగస్టులో అయిదు వారాలుండి వచ్చాను. ఇవన్నీ నిజాలే. వదినకి చెప్పాను కూడా.

చెప్పనిది ఒకటుంది. 1,500 పౌండ్లతో నేనొక్కదాన్నీ వెళ్ళిరావచ్చు. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. రెండు రాత్రులు టిక్కెట్లు చూశాను. తర్వాత ఆగిపోయాను, ఎందుకో నాకే సరిగ్గా తెలియలేదు, మొన్న గిన్నెలు కడుగుతుంటే తెలిసింది. ఇన్నాళ్ళూ నాకు సెలవంటే అమ్మ దగ్గరే. నేను పీట మీద కూర్చుంటే, ఇంకొకరు వడ్డిస్తే, "ఇంకో ముద్ద" అంటే, తిని చేయి కడుక్కుని లేచిపోగలిగే ఇల్లు భూమ్మీద నాకదొక్కటే. కిందటేడు అమ్మకి మోకాళ్ళ ఆపరేషను అయింది. అప్పుడు రెండు నెలలున్నాను, మొన్న ఆగస్టులో అయిదు వారాలున్నాను. వంట నేనే చేశాను. అమ్మకి వండిపెట్టడం నాకిష్టం, అది చాకిరీ అని అననే అనను. కాకపోతే ఆ పీట ఇప్పుడు అమ్మది. అలాగే ఉండాలి. నేను కూర్చునే పీట మాత్రం ఎక్కడా లేకుండా పోయింది.

దాన్ని ఏ మాల్టా హోటలూ తెచ్చివ్వదని నాకు తెలుసు. అయినా అయిదు పొద్దుళ్ళు ఎవరో పెట్టింది తిని లేవాలని ఉంది. దీన్ని స్వార్థం అనేవాళ్ళు ముందు ఒక పని చేయండి. మీ ఇంట్లో ఆవిడ కిందటిసారి వరసగా మూడు రోజులు వండకుండా ఎప్పుడు ఉందో గుర్తుతెచ్చుకోండి. జ్వరం వచ్చిన రోజులు లెక్కలోకి రావు. అవి తీసేస్తే నాకు ఒక్కటీ గుర్తు రావడం లేదు.

"అమ్మని వదిలేసి షికార్లు" అన్న మాట అల్లుళ్ళకీ కొడుకులకీ ఎందుకు తగలదు అన్నది ఇంకో ప్రశ్న. మావారు కిందటేడు ఆఫీసువాళ్ళతో పోర్చుగల్ వెళ్ళి గోల్ఫ్ ఆడొచ్చారు. మా అత్తగారికి కూడా డెబ్బై దాటాయి. ఆవిడ గురించి ఆయన్ని అడిగినవాళ్ళు లేరు. గోల్ఫ్ బాగా ఆడావా అని అడిగారు.

నిన్న సాయంత్రం అమ్మకి ఫోను చేసి చెప్పాను. డిసెంబరు 19న వెళ్ళి 24న వచ్చేస్తాం, సరిగ్గా పండగరోజు మ్యూజియంలు, కొట్లు మూసేస్తారు కాబట్టి ముందే వచ్చేయడం అన్నాను. మాల్టా ఎక్కడుందో చెప్పబోతే "మ్యాపు సంగతి తర్వాత" అంది.

"అక్కడ టిఫిను వాళ్ళే పెడతారా?"

"పెడతారట అమ్మా. రొట్టె, పళ్ళు, గుడ్లు, జున్ను."

"వేడిగా ఉంటుందా?"

"గుడ్లు వేడిగానే ఉంటాయి."

"కడిగేది కూడా వాళ్ళేనా?"

"వాళ్ళే."

కాసేపు మాట్లాడలేదు. ఫోను కట్టయిందేమో అనుకున్నాను. "మీ నాన్నతో కాశీ వెళ్ళినప్పుడు సత్రంలో కిరసనాయిలు స్టవ్వు మీద పది రోజులూ నేనే వండాను. ఏ గుడి ఎలా ఉందో ఇప్పటికీ సరిగ్గా గుర్తులేదు. వెళ్ళిరా" అంది.

హోటలు ఖాయం చేశాం. వీసా దరఖాస్తుకి వచ్చే నెల రెండో వారంలో తేదీ దొరికింది. రాత్రి మావారు వచ్చి, కుక్కర్ మాటెత్తకుండా, "పోనీ ఒక చిన్న ఆవకాయ సీసా?" అన్నారు.

"తెచ్చుకోండి. మీ పెట్టెలో. కారితే మీ చొక్కాల మీదే" అన్నాను.